రెండో దట్టి

ప్రతి ఏడూ పీర్ల పండుగకు వారం ముందు ఆ తల్లి కొడుకును ఒకే మాట అడిగేది. ‘ఈసారైనా ఊరికి పోయొస్తావా?’ అని. కొడుకూ ఒకే జవాబు చెప్పేవాడు. ‘వచ్చే ఏడు తప్పకుండా పోతానమ్మా’ అని. అలా ఎనిమిదేళ్లు గడిచాయి. 2025లో ఆమె అడగలేదు.

అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. అడగకపోయేసరికి మాత్రం రెండు రాత్రులు నిద్రపట్టలేదు. ఎనభై నాలుగేళ్ల మనిషి. మరిచిపోయిందా? విసిగిపోయిందా? వీడితో కాదులే అనుకుందా? పోనీ ఆమెనే అడుగుదామంటే నోరు రాలేదు. ఉద్యోగ విరమణ చేసి మూడేళ్లయింది కనుక పని ఒత్తిడి అన్న సాకు కూడా ఎప్పుడో చెల్లిపోయింది.

సరిగ్గా అప్పుడే కూతురు వచ్చి, ‘నాన్నా, శనివారం అనంతగిరి పోదామా? కొండలన్నీ పచ్చబడ్డాయంట. కోట్‌పల్లిలో పడవలు కూడా ఉన్నాయి’ అంది. సాఫ్ట్‌వేర్ కొలువు చేసే పిల్ల. వారమంతా కంప్యూటర్ ముందే. ఆయన క్యాలెండర్ చూశాడు. శనివారం జులై 5. మొహర్రం తొమ్మిదో రాత్రి.

‘పోదాం. రాత్రికి మాత్రం బొంరాస్‌పేట అవతల మా ఊళ్లో ఉండాలి.’

‘అక్కడేముంది చూడ్డానికి?’

‘నా మొక్కుంది’ అన్నాడాయన.

ఆ మొక్కు కథ ఇంట్లో అందరికీ కొంత కొంత తెలుసు. 1967లో, ఆయనకు మూడేళ్లప్పుడు విషజ్వరం పట్టుకుంది. తాండూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు, మందులు వాడారు. జ్వరం దిగలేదు. ఆ ఏడు పండుగ నడి ఎండాకాలంలో వచ్చింది. తల్లి పిల్లాణ్ని భుజాన వేసుకుని పీర్ల కొట్టం ముందు నిలబడి, వీడు బతికితే ఏటా నీ పండుగకు వచ్చి దట్టి కడతానని మొక్కుకుంది. దట్టి అంటే పీరుకు కట్టే రంగు గుడ్డ. పిల్లాడు బతికాడు. ఊళ్లో అందరూ వాణ్ని పీరు పేరుతోనే పిలిచేవారు. పాలమూరు పల్లెల్లో అదేమీ వింత కాదు. హిందువుల ఇళ్లలో హుస్సేన్ పేరూ, మౌలాలి పేరూ పెట్టుకున్న తాతలు ఇప్పటికీ కనిపిస్తారు. 1974లో తండ్రికి సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికింది. పట్నం బడిలో చేర్చేటప్పుడు ఆయన కొడుక్కి వేరే పేరు రాయించాడు. అలా పాత పేరు ఊళ్లోనే ఉండిపోయింది.

తల్లి మాత్రం ఏటా బస్సెక్కేది. చివరిసారి వెళ్లింది 2016లో. అప్పుడొక తమాషా జరిగింది. దసరా ముందురోజు ఆమె బయల్దేరినప్పుడు బొంరాస్‌పేట మండలం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంది. అక్టోబరు 11, దసరా రోజున కొత్త జిల్లాలు వచ్చాయి. మర్నాడు పీర్లను సాగనంపి తిరుగు బస్సెక్కేసరికి మండలం వికారాబాద్ జిల్లాదైపోయింది. ‘పండుగకు పోయొచ్చేలోపల జిల్లానే మార్చిర్రు’ అని ఆమె చాలా రోజులు చెప్పుకుని నవ్వేది. ఆ ప్రాంతానికి ఇది కొత్తేమీ కాదు. కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలోవే. అందుకేనేమో అక్కడి పెద్దవాళ్ల మాటల్లో కన్నడం, ఉర్దూ అడగకుండానే వచ్చి కూర్చుంటాయి. ఆ ప్రయాణం తర్వాత ఆమె మోకాళ్లు మొరాయించాయి. అప్పట్నుంచీ కొడుకును అడగడం మొదలుపెట్టింది.

శనివారం తెల్లవారుజామున తండ్రీకూతుళ్లు బయల్దేరారు. చేవెళ్ల దారిలో మర్రిచెట్లు రెండు వైపుల నుంచీ కొమ్మలు చాపి పందిరి వేశాయి. కారు అద్దం దించి ఆ పిల్ల చేయి బయటపెట్టింది. వికారాబాద్ దాటి ఘాట్ ఎక్కుతుంటే సన్నగా తుంపర. ఈ ఊరి పేరు పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా నుంచి వచ్చింది. ఫలక్‌నుమా కట్టించింది కూడా ఆయనే. ఇక్కడి గాలి ఒంటికి మంచిదని నిజాం కాలంలోనే క్షయ రోగుల కోసం కొండ మీద శానటోరియం పెట్టారు. ఇప్పుడు ఆ గాలి కోసమే ఆదివారాలు పట్నం మొత్తం ఇక్కడికి తరలివస్తోంది. శనివారం కాబట్టి మనుషుల కన్నా కోతులే ఎక్కువున్నాయి. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న కంకి కొనుక్కున్న పాపానికి ఆ పిల్ల సగం కంకిని ఓ కోతికి సమర్పించుకోవాల్సి వచ్చింది.

అనంతపద్మనాభస్వామి దర్శనం చేసుకుని, మెట్లు దిగి గుండం దగ్గరికి వచ్చారు. చుట్టూ చెట్లు. నీటి మీద పడ్డ ఆకులు.

‘మూసీ పుట్టేది ఇక్కడే’ అన్నాడాయన.

ఆ పిల్ల నమ్మలేదు. చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకుని దాటే మూసీ ఇదా? రాక్షసులతో పోరాడి అలసిన ముచికుందుడు ఈ కొండ గుహలోనే నిద్రపోయాడనీ, కాలయవనుణ్ని కృష్ణుడు యుక్తిగా ఇక్కడికి రప్పించాడనీ, ముచికుందుడు కళ్లు తెరవగానే వాడు బూడిదయ్యాడనీ, తర్వాత ముచికుందుడు కృష్ణుడి పాదాలు కడిగిన నీళ్లే ముచికుందా నదిగా పారి మూసీ అయ్యాయనీ స్థలపురాణం. ఆయన కథ చెబుతున్నంతసేపూ ఆ పిల్ల నీళ్లలో వేళ్లు ఆడిస్తూనే ఉంది. దాదాపు 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది. 1908లో హైదరాబాద్‌ను ముంచిన నది. ఇక్కడ మాత్రం ఉయ్యాలలో పడుకోబెట్టేంత పసిది.

కోట్‌పల్లి జలాశయంలో జులై మొదటివారం కనుక నీరు ఇంకా నిండలేదు. లైఫ్ జాకెట్ తొడుక్కుని ఆ పిల్ల తెడ్డు పడవ ఎక్కింది. ‘నువ్వూ రా నాన్నా’ అంటే ఆయన రానన్నాడు. చివరికి ఎక్కాడు. పడవ ఊగినప్పుడల్లా రెండు చేతులా అంచులు పట్టుకున్నాడు కాబట్టి తెడ్డు వేసే పని పూర్తిగా కూతురి మీదే పడింది. నడి నీళ్లలోకి వెళ్లాక ఆమె తెడ్డు ఆపేసింది. ఎంత నిశ్శబ్దమో! దూరంగా ఒక తెల్ల కొంగ. కొండల మీద మేఘం నీడ మెల్లగా జరుగుతోంది.

‘ఈ నీళ్లు కూడా మూసీలోకేనా?’

‘కాదు. ఇటువైపు పడ్డ వాన కాగ్నాలోకి పోతుంది. కాగ్నా తాండూరు మీదుగా పోయి భీమలో కలుస్తుంది.’

‘భీమ?’

‘కృష్ణలో.’

‘అంటే మళ్లీ రెండూ ఒకచోటికేగా. దానికింత చుట్టు తిరగడం ఎందుకో!’ అంటూ ఆమె మళ్లీ తెడ్డు అందుకుంది.

మధ్యాహ్నం పరిగి చేరారు. జొన్నరొట్టె, పప్పు తిని బజార్లోకి వెళ్లారు. ఊదు, కుడకలు, బెల్లం కొన్నాడు. దట్టీలు అమ్మే దుకాణం ముందు ఆగాడు. ‘ఏ పీరుకు సార్? ఏ రంగు? పొడుగెంత?’ అని దుకాణదారు వరసగా మూడు ప్రశ్నలు వేశాడు. ఆయనకు ఒక్కదానికీ జవాబు తెలియలేదు. పదేళ్లు వచ్చేదాకా ఏటా తల్లి కొంగు పట్టుకుని వెళ్లినవాడే. ఆమె కట్టిన దట్టి ఏ రంగుదో ఎంత తవ్వినా గుర్తుకు రాలేదు. ‘నానమ్మకు ఫోన్ చేయనా?’ అంది కూతురు. ‘వద్దు’ అన్నాడు, కొంచెం గట్టిగానే. తర్వాత జరీ అంచున్న పచ్చదాన్ని చూపించి, అందరూ ఎంత పొడుగు తీసుకుంటారో అంతే ఇమ్మన్నాడు.

బీజాపూర్ రోడ్డు మీద బొంరాస్‌పేట వైపు కారు సాగింది. గుట్టలు దగ్గరకొచ్చాయి. ఎర్రమట్టి చేలలో కంది అప్పుడే మొలకెత్తుతోంది. 2022లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఆయన పేపర్లో చదివాడు. ఆ సంగతి చెబితే కూతురు, ‘నానమ్మ వేరే పప్పు ముట్టదు కదా, ఆమెకెప్పుడో తెలుసు’ అంది.

ఊళ్లోకి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. తన ఇల్లు ఉండాల్సిన చోట రేకుల షెడ్డు, పక్కన కిరాణా కొట్టు. చింతచెట్టు లేదు. పీర్ల కొట్టం మాత్రం అక్కడే ఉంది. అప్పటి మట్టిగోడలు పోయి స్లాబు పడింది. నేలంతా తాండూరు బండలు పరిచారు. లోపల తెరచాటున పీర్లు. ఇత్తడి, వెండి పంజాలు, వాటి కింద పొరలు పొరలుగా దట్టీలు. ముందు గుండం తవ్వి మొద్దులు పేర్చారు. కొట్టు అరుగు మీద కూర్చున్న కుర్రాళ్లు, ‘ఎవరింటికి సార్?’ అని అడిగారు. ఎవరింటికని చెప్పాలి? ఆయన తండ్రి పేరు చెప్పాడు. వాళ్లకు తెలియలేదు. తల్లి పేరు చెప్పాడు.

‘ఓ... ఆ పెద్దవ్వ కొడుకా! అవ్వోళ్లింటికి పో సార్, మూలమలుపు ఇల్లు’ అన్నారు.

మూలమలుపు ఇంట్లో ఒక ముసలమ్మ వాకిట్లోనే కూర్చుని పని చేసుకుంటోంది. ఒక పళ్లెంలో రొట్టె ముక్కలూ బెల్లమూ కలిపి నలిపిన మలీద ముద్దలు. పక్కనే చేటలో వేయించిన జొన్న పేలాలు. ఒకటి ఈ రాత్రి పీర్లకు. రెండోది పొద్దున తొలి ఏకాదశికి. ఒకే మనిషి, ఒకే బెల్లం గడ్డ!

ఇందులో లెక్క ఉంది. మొహర్రం నెల నెలవంకతో మొదలవుతుంది కనుక దాని పదో రోజు ఎప్పుడూ మన ఏకాదశికి అటో ఇటో పడుతుంది. ఏ నెల ఏకాదశి అన్నదే ఏటేటా మారుతుంది. చాంద్రమానం రుతువులకు దూరం జరక్కుండా మన పంచాంగం అధికమాసం వేసి సరిదిద్దుకుంటుంది. హిజ్రీ లెక్కలో ఆ సర్దుబాటు లేదు. అందుకే పీర్ల పండుగ ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కి నడుస్తూ అన్ని కాలాలనూ చుట్టి వస్తుంది. 2024లో జులై 17న, 2025లో జులై 6న తొలి ఏకాదశీ మొహర్రం పదో రోజూ ఒకే రోజు వచ్చాయి. 2026 పంచాంగంలో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఆ ఏడు ఈ జత కుదరదు. ముసలమ్మకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ‘పోయినేడు గూడ గిట్లనే అయింది బిడ్డా, ఒక్కనాడే రెండు పండుగలు. నడుము ఇరిగిపోతది’ అని ఊరుకుంది.

ఆయన్ను ఆమె ముందు గుర్తుపట్టలేదు. తల్లి పేరు చెప్పగానే చేతులు కొంగుకు తుడుచుకుని, ఆయన గడ్డం పట్టుకుని, ఆ పాత పేరుతో పిలిచింది. యాభై ఏళ్లుగా తల్లి తప్ప ఇంకెవరూ పలకని పేరు. కూతురు ఆశ్చర్యంగా తండ్రి మొహంలోకి చూసింది.

‘అక్క మంచిగున్నదా? మొన్న ఫోన్ల గొంతు సన్నగయింది.’

‘అమ్మ మీతో మాట్లాడిందా?’

‘ఏటా మాట్లాడ్తది గద. ఈ ఎనిమిదేండ్ల సంది దట్టి నేనే కడ్తున్న, మీ యమ్మ పేరు మీద. పైసలు పంపుతది. నేనొద్దంట, ఆమె ఇనదు. నా కొడుకు పరిగిల వారం కింద్నే తెచ్చిండు, అగో.’

గూట్లో కాగితం పొట్లం. విప్పితే ఎర్ర దట్టి.

‘మీ యమ్మది ఎప్పటికీ ఎర్రదే’ అందామె. ఆయన తన సంచిలోని పచ్చ దట్టిని బయటికి తీయనా వద్దా అని కొంచెంసేపు తటపటాయించాడు. ఎనిమిదేళ్లు ‘వచ్చే ఏడు’ అన్న ప్రతిసారీ ఆమె తలూపి లోపలికి వెళ్లి ఈ ఊరికి ఫోన్ చేసిందన్నమాట. ఆయనతో ఒక్క మాట అనలేదు. సంచిలోంచి పచ్చ గుడ్డ అంచు కనిపించి ముసలమ్మే దాన్ని లాగి చూసింది. ‘మంచిగున్నది. కడ్దాం. రెండు గడ్తే పీరు వద్దంటడా?’ అంది.

తొమ్మిదో రాత్రి. మబ్బుల చాటున దశమి నాటి చంద్రుడు. పది గంటలకు గుండం అంటించారు. తుంపరకు మొద్దులు తడిసి ముందు పొగే వచ్చింది. అందరూ కళ్లు నులుముకున్నారు. తర్వాత ఒక్కసారిగా మంట లేచింది. డప్పులు మొదలయ్యాయి. పంచెలు ఎగగట్టిన పెద్దలు, జీన్స్ ప్యాంట్ల కుర్రాళ్లు, తండా నుంచి వచ్చిన లంబాడా యువకులు గుండం చుట్టూ వలయం కట్టి అడుగులు కలిపారు. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. పాట మాత్రం దుఃఖం పాట. క్రీస్తుశకం 680లో కర్బలా మైదానంలో నీళ్లు కూడా అందకుండా చనిపోయిన ఇమాం హుస్సేన్ కోసం, ఆయన పరివారం కోసం బొంరాస్‌పేట చేల మధ్య తెలుగులో పాడుతున్న పాట. ఆ చావు గురించి ఆ పిల్లకు ముసలమ్మే చెప్పింది, తన సొంత తమ్ముడి చావు చెప్పినట్టు. దాహంతో ఉన్న పసిపిల్లాడి దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు ఆగింది. మొదట్లో ఫోన్ పట్టుకుని వీడియో తీసిన పిల్ల ఎప్పుడో ఫోన్ సంచిలో పెట్టేసింది.

అర్ధరాత్రి దాటాక తెర తీశారు. ముజావర్ ఒక్కో పీరును బయటికి ఎత్తి ఇస్తుంటే తరతరాలుగా ఎత్తుకుంటున్న ఇళ్లవాళ్లు ముందుకొచ్చారు. హుస్సేన్ పీరు ఎత్తుకునే హక్కు ఒక రైతు ఇంటిది. తడి బట్టలతో, మెడలో పూలదండతో ఆ మనిషి పీరును గుండెకు ఆనించుకోగానే ఒళ్లంతా వణికింది. జనం దారి ఇచ్చారు. ఊదు పొగ కమ్మేసింది.

దట్టీలు కట్టేటప్పుడు ముజావర్, ‘ఎవరి పేరున?’ అని అడిగాడు. ఆయన అలవాటుగా ఆధార్ కార్డులో ఉన్న పేరు చెప్పాడు. వెనక నుంచి ముసలమ్మ ‘అది గాదు’ అని గదమాయించి ఆ చిన్నప్పటి పేరు చెప్పింది. ముజావర్ తలెత్తి ఒక్క క్షణం ఆయన్ను చూశాడు. ముందు ఎర్రది కట్టాడు, దాని మీద పచ్చది. నెమలీకల కట్టతో తల మీదా భుజం మీదా తట్టాడు. ఆయన వంగినవాడు లేవడానికి కొంచెం సమయం పట్టింది. కూతురు చేయి అందించబోయి ఆగిపోయింది.

అదే మొహర్రం పదో రోజున హైదరాబాద్‌లో డబీర్‌పురా నుంచి బీబీకా ఆలం ఏనుగు మీద బయల్దేరి చాదర్‌ఘాట్‌కు, అంటే మూసీ ఒడ్డుకే చేరుతుంది. ఏటా ఆ రోజు ట్రాఫిక్ మళ్లిస్తారని మాత్రమే ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సంగతి ఆయన చెబితే కూతురు, ‘పొద్దున మనం చేయి పెట్టిన నీళ్లు అక్కడికెప్పుడు చేరతాయి?’ అని అడిగింది. మధ్యలో గండిపేట చెరువు అడ్డముందనీ, అంత సులువు కాదనీ ఆయన ఇంజనీరులా వివరించబోయి మానుకున్నాడు.

నాలుగు గంటలకు మంటలు తగ్గి గుండం నిండా నిప్పులు పరుచుకున్నాయి. పీర్లు ఎత్తినవాళ్లు ఒకరి వెనక ఒకరు నిప్పుల మీదుగా నడిచి వెళ్లారు. అంతా రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. డప్పులు ఆగాయి. ఎక్కడో కోడి కూసింది. ముసలమ్మ గుండం అంచు నుంచి చిటికెడు బూడిద తీసి తండ్రీకూతుళ్లిద్దరి నుదుటా పెట్టి, మరికొంత కాగితంలో కట్టిచ్చింది. మలీద ఒక డబ్బాలో, పేలాల పిండి ఇంకో డబ్బాలో. ‘రెండూ అక్కకే. మీరు తోవల తినొద్దు’ అని హెచ్చరించింది.

‘నానమ్మ లేచే ఉంటుంది’ అంటూ ఆ పిల్ల వీడియో కాల్ చేసింది. అవతల తల్లి ఫోన్ పట్టుకుంటే మంచం మీద కూర్చున్న నానమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. ఆ పిల్ల మాటలేం లేకుండా ఫోన్‌ను గుండం వైపు, తర్వాత కొట్టం వైపు, ఆ తర్వాత తండ్రి వైపు తిప్పింది. నుదుట బూడిదతో, పొగకు ఎర్రబడిన కళ్లతో ఆయన ఫోన్ ముందుకు వచ్చాడు. ఏం చెప్పాలో తెలియక, ‘కట్టానమ్మా’ అన్నాడు.

‘ఎర్రదేనా?’ అంది ఆమె.

‘ఎర్రదే. దాని మీద పచ్చది కూడా.’

ఆమె కొంచెంసేపు ఫోన్‌లోకే చూసింది.

‘పచ్చది ఎవరిది?’

‘నాది.’

‘ఊఁ’ అంది. తర్వాత, ‘తుంపర పడుతున్నట్టుంది. కట్టెలు తడిసినాయా?’ అని అడిగింది.